యూనిక్స్ డైరెక్టరీలో చుక్క, రెండు చుక్కలు

హిందీ నుండి తెలుగులోకి అనువాదం చేసేవారికి మాటలకన్న పేర్లతోనే చిక్కు ఎక్కువ. రాజస్థాన్‌లోని చూరూ, ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్, మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్ వంటి పేర్లను ఒక వ్యాసంలో ఒక విధంగాను, మరొక వ్యాసంలో ఇంకొక విధంగాను వ్రాస్తే పాఠకుడు అవి రెండు వేరు వేరు ఊళ్ళని భ్రమపడతాడు. అందుచేత ఒక పేరును తెలుగులో ఎట్లా వ్రాయాలో నిర్ణయించుకున్న ప్రతిసారీ దానిని నా కంప్యూటరులోని లిబ్రేఆఫీసు సొంత నిఘంటువులో చేర్చుతూ వచ్చాను. ఆరేళ్ళలో సుమారు పదిహేను వందల మాటలు పోగయ్యాయి.

2022లో ఆ పాత లినక్స్ కంప్యూటరును అప్పగించి కొత్తది తీసుకోవలసి వచ్చింది. నా డైరెక్టరీలో ఉన్నదంతా తీసుకోవలెనన్న ఉద్దేశంతో నక్షత్రపు గుర్తు పెట్టి ఒకే ఆదేశంతో బయటి డిస్కుకు నకలు చేసుకున్నాను. వ్యాసాలు లెక్కపెట్టుకున్నాను, అన్నీ ఉన్నాయి. ఛాయాచిత్రాలు ఉన్నాయి. తృప్తిగా సంతకం చేసి యంత్రాన్ని అప్పగించాను. దాని డిస్కును తుడిచివేశారు. కొత్త యంత్రంపై మొదటి వ్యాసం తెరవగానే ‘చూరూ’ క్రింద ఎర్ర గీత కనబడింది. దాని తరువాత ‘గఢ్వాల్’ క్రింద కూడ కనబడింది. ఆరేళ్ళ మాటలు పోయాయని అప్పుడు తెలిసింది.

అవి నకలు చేయడంలో చెడిపోలేదు. అసలు నకలుకే రాలేదు. లిబ్రేఆఫీసు ఆ నిఘంటువును ‘.కాన్ఫిగ్’ అనే డైరెక్టరీ లోపల భద్రపరుస్తుంది. ఆ పేరుకు ముందు ఒక చుక్క ఉన్నది. ఆ ఒక్క చుక్క కారణంగా నక్షత్రపు గుర్తు ఆ డైరెక్టరీని చూడలేదు, నేనూ చూడలేదు. ఒక చుక్కకు ఇంతటి శక్తి ఎక్కడి నుండి వచ్చినదన్న ప్రశ్నకు సమాధానం వెదకుతూ తెలుసుకున్న సంగతులను, నా వంటి పొరపాటు మరొకరు చేయకుండా ఉండగలందులకు, ఇక్కడ వివరిస్తున్నాను.

యూనిక్స్ కుటుంబం

యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పుట్టినది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాని ముఖ్య నిర్మాతలు. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆ పద్ధతినే అనుసరించి లినక్స్‌ను ప్రారంభించాడు. యాపిల్ కంప్యూటర్లలోని మ్యాక్ ఓఎస్ కూడ ఈ కుటుంబానికి చెందినదే. మన దేశంలో సీ-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన ‘బాస్’ వ్యవస్థకు ఆధారం లినక్సే. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో పనిచేసే కెర్నెల్ సైతం లినక్సే. కనుక ఈ వ్యాసంలోని విషయం కంప్యూటరు శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినదని అనుకోనక్కరలేదు.

డైరెక్టరీ అనగా ఒక రిజిస్టరు

డైరెక్టరీ అంటే ఫైళ్ళను దాచే పెట్టె అని మనలో చాలమంది భావన. తెరపై కనబడే సంచి బొమ్మ ఈ భావనను బలపరుస్తున్నది. నిజానికి అది పెట్టె కాదు, ఒక రిజిస్టరు.

ఒక కార్యాలయంలోని రికార్డు గదిని ఊహించుకోండి. బీరువాలలో కాగితాల కట్టలు ఉంటాయి. ప్రతి కట్టకూ ఒక సంఖ్య ఉంటుంది. గుమాస్తా దగ్గర ఉన్న రిజిస్టరులో ఒక వైపు పేరు, దానికి ఎదురుగా కట్ట సంఖ్య వ్రాసి ఉంటాయి. మనం పేరు చెబుతాము. గుమాస్తా సంఖ్య చూస్తాడు. ఆ సంఖ్యగల కట్టను తెస్తాడు. యూనిక్స్ డైరెక్టరీ సరిగా ఇటువంటి రిజిస్టరే. ప్రతి పద్దులోను ముఖ్యమైనవి రెండు: ఒక పేరు, ఒక సంఖ్య. ఈ సంఖ్యను ఐనోడ్ సంఖ్య అంటారు.

1979లో వెలువడిన ఏడవ యూనిక్స్ కూర్పులో ఒక పద్దుకు 16 బైట్లు కేటాయించారు. అందులో 2 బైట్లు సంఖ్యకు, 14 బైట్లు పేరుకు. అంతకన్న పొడవైన పేరు పెట్టడానికి అవకాశమే లేదు. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి కూర్పు ఈ పరిమితిని 255కు పెంచింది. నేటి లినక్స్‌లో సాధారణంగా ఉన్న పరిమితి కూడ అదే.

ఇక ఐనోడ్‌లో ఏమి ఉంటాయి? ఫైలు యజమాని ఎవరు, దానిని చదివే, వ్రాసే అనుమతి ఎవరెవరికి ఉన్నది, దాని పరిమాణం ఎంత, చివరిసారి ఎప్పుడు మారినది, డిస్కుపై దాని భాగాలు ఎక్కడెక్కడ ఉన్నవి అన్న వివరాలు ఉంటాయి. ఇన్ని వివరాలలో ఫైలు పేరు మాత్రం ఉండదు. పేరు రిజిస్టరులోనే ఉంటుంది. అందుచేతనే ఒకే ఫైలుకు రెండు రిజిస్టర్లలో రెండు పేర్లు పెట్టవచ్చును. తన సంఖ్యను ఎన్ని పద్దులు సూచిస్తున్నవో ఐనోడ్ లెక్క ఉంచుకుంటుంది. మనం ఒక ఫైలును తొలగించినపుడు జరిగేది ఒక పద్దును కొట్టివేయడమే. ఆ లెక్క సున్నాకు వచ్చి, ఏ కార్యక్రమమూ దానిని తెరచి ఉంచనపుడు మాత్రమే డిస్కుపై ఆ స్థలం ఖాళీ అవుతుంది.

రెండు ప్రత్యేక పద్దులు

కొత్త డైరెక్టరీని సృష్టించి అందులో ఏమీ వేయకపోయినా అది పూర్తిగా ఖాళీగా ఉండదు. పుట్టుకతోనే అందులో రెండు పద్దులు ఉంటాయి. మొదటి పద్దు పేరు ఒక చుక్క (.), రెండవ పద్దు పేరు రెండు చుక్కలు (..). ఇవి ఏవో సంకేతాలు కావు; మిగిలిన పేర్ల వంటి పేర్లే.

ఒక ఉదాహరణ చూద్దాము. ‘అనువాదాలు’ అనే డైరెక్టరీ సంఖ్య 300 అనుకుందాము. దాని లోపల ‘బడ్జెట్’ అనే డైరెక్టరీ ఉన్నది. దాని సంఖ్య 412. ‘బడ్జెట్’ రిజిస్టరు తెరచి చూస్తే మొదట ‘.’ అన్న పేరు, దానికి ఎదురుగా 412 ఉంటాయి. అనగా ఒక చుక్క ‘నేనే’ అని చెబుతున్నది. తరువాత ‘..’ అన్న పేరు, దానికి ఎదురుగా 300 ఉంటాయి. అనగా రెండు చుక్కలు ‘నా పైది’ అని చెబుతున్నవి. వీటి తరువాతనే మనం వ్రాసిన వ్యాసాల పద్దులు వస్తాయి. తన ఊరి పేరు, తాలూకా పేరు మొదటి పుటలోనే వ్రాసి ఉన్న గ్రామ రిజిస్టరు వంటిది ఇది. ఏ పుట చేతికి వచ్చినా అది ఎక్కడిదో తెలుసుకోవడానికి వేరొకరిని అడగనక్కరలేదు.

ఇట్లా పైకి ఎక్కుతూ పోతే చివరకు మూల డైరెక్టరీ వస్తుంది. దానిని ఒక ఏటవాలు గీతతో (/) సూచిస్తారు. దానికి పైన మరొకటి లేదు. కనుక అక్కడ రెండు చుక్కలు కూడ ఆ డైరెక్టరీనే చూపుతాయి. ఎన్నిసార్లు పైకి వెళ్ళమని ఆదేశించినా మూలాన్ని దాటి వెళ్ళలేము.

ఈ పద్దుల మూలంగా ఒక చక్కని లెక్క కుదురుతున్నది. సంప్రదాయ యూనిక్స్ పద్ధతిలో ‘అనువాదాలు’ డైరెక్టరీకి మూడు ఉప డైరెక్టరీలు ఉంటే దాని ఐనోడ్‌లోని లెక్క 5 అవుతుంది. పై రిజిస్టరులో దాని పేరు ఒకటి, దానిలోనే ఉన్న చుక్క రెండవది, మూడు ఉప డైరెక్టరీలలోని రెండు చుక్కల పద్దులు మూడు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి కొన్ని కొత్త ఫైలు వ్యవస్థలు ఈ రెండు పద్దులను డిస్కుపై వ్రాయవు, ఈ లెక్కను పాటించవు. అయినప్పటికీ అడిగినపుడు అవి ఉన్నట్లే చూపుతాయి. యాభై ఏళ్ళకు పైబడిన అలవాటును కాదనడం ఎవరికీ సాధ్యం కాలేదు.

సౌకర్యం కోసం చేసినది, సంప్రదాయమైనది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. చుక్కతో మొదలయ్యే పేర్లు ఎందుకు కనబడవు?

డైరెక్టరీలో ఉన్న పేర్లను చూపే ఆదేశం ‘ఎల్‌ఎస్’. బెల్ లేబొరేటరీస్‌లో థాంప్సన్, రిచీలతో కలిసి పనిచేసిన రాబ్ పైక్ ఈ విషయమై 2012లో ఒక వివరణ ఇచ్చాడు. ప్రతి డైరెక్టరీలోను ఉండే ఒక చుక్క, రెండు చుక్కల పద్దులు ప్రతిసారీ పట్టికలో కనబడడం విసుగు కలిగించినదట. వాటిని దాచడానికి ‘ఎల్‌ఎస్’ కార్యక్రమంలో ఒక చిన్న పరీక్ష చేర్చారు. పేరు సరిగా ‘.’ గాని ‘..’ గాని అయితే వదలిపెట్టమని వ్రాయవలసినది. అట్లా వ్రాయక, పేరులోని మొదటి అక్షరం చుక్క అయితే వదలిపెట్టమని వ్రాశారు. అది కొంచెం పొట్టిగా ఉంటుంది. ఫలితంగా రెండు పేర్లు మాత్రమే మరుగు కావలసిన చోట చుక్కతో మొదలయ్యే ప్రతి పేరూ మరుగైనది.

ఈ తోవ కనబడిన తరువాత ఇతర కార్యక్రమాలు వ్రాసేవారు తమ సొంత అమరికలను చుక్క పేర్లతో వాడుకరి డైరెక్టరీలోనే పెట్టసాగారు. ‘.ప్రొఫైల్’, ‘.బాష్‌ఆర్‌సీ’, ‘.ఎస్‌ఎస్‌హెచ్’, ‘.కాన్ఫిగ్’ మొదలైనవన్నీ ఈ కోవకు చెందినవే. పైక్ దీనిని మెచ్చుకోలేదు. తొందరలో తీసుకున్న ఒక అడ్డదారి ఎంత దూరం పాకిపోగలదో చూపే ఉదాహరణగానే చెప్పాడు.

ఇందులో ముఖ్యంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. దాచుతున్నది కెర్నెల్ కాదు. ఫైళ్ళను నిజంగా నిర్వహించే కెర్నెల్‌కు ‘.కాన్ఫిగ్’ కూడ ‘వ్యాసం’ వంటి ఒక మామూలు పేరే. ఎమ్మెస్-డాస్‌లోను, దాని తరువాత విండోస్‌లోను ఫైలుకు ‘దాగినది’ అన్న ఒక లక్షణం విడిగా నమోదు అవుతుంది. యూనిక్స్ సంప్రదాయంలో అటువంటి నమోదు లేదు. ఉన్నది కేవలం ఒక మర్యాద: పట్టిక చూపే ‘ఎల్‌ఎస్’, ఆదేశాలను స్వీకరించే షెల్, తెరపై సంచుల బొమ్మలు చూపే ఫైల్ మేనేజరు అనే మూడూ ఎవరికి వారు పాటించే మర్యాద. ‘ఎల్‌ఎస్’కు చిన్న అక్షరపు ‘ఏ’ను జోడిస్తే అన్ని పేర్లూ చూపుతుంది. పెద్ద అక్షరపు ‘ఏ’ను జోడిస్తే ఒక చుక్క, రెండు చుక్కల పద్దులను మాత్రం విడిచి మిగిలినవన్నీ చూపుతుంది. లినక్స్‌లోని అనేక ఫైల్ మేనేజర్లలో కంట్రోల్, హెచ్ మీటలను కలిపి నొక్కితే దాగిన ఫైళ్ళన్నీ ప్రత్యక్షమవుతాయి.

ఆండ్రాయిడ్ ఫోనులో ఈ మర్యాదను ఉపయోగించుకున్న తీరు చూడవచ్చు. ఒక ఫోల్డరులో ‘.నోమీడియా’ అనే పేరుగల ఫైలును, అది ఖాళీదైనా సరే, ఉంచితే అందులోని చిత్రాలు గ్యాలరీలో కనబడవు. చిత్రాలు ఎక్కడికీ పోలేదు. గ్యాలరీ వాటిని చూపకుండా ఊరుకున్నది, అంతే.

నక్షత్రం చూడని అంతస్తు

నా పొరపాటు జరిగినది సరిగా ఇక్కడనే. నకలు చేసే ఆదేశం ‘సీపీ’. దానికి నేను నక్షత్రపు గుర్తు ఇచ్చినపుడు, ఆ గుర్తును ‘సీపీ’ చూడనే లేదు. షెల్ ముందుగా ఆ నక్షత్రాన్ని తొలగించి, దాని స్థానంలో డైరెక్టరీలోని పేర్ల జాబితాను ఉంచినది. చుక్కతో మొదలయ్యే పేర్లు ఆ జాబితాలోకి రావు. జాబితాలో లేనిదానిని ‘సీపీ’ ఎట్లా నకలు చేయగలదు? చిత్రమేమంటే, షెల్ పరిశీలించినది పై అంతస్తును మాత్రమే. క్రింది డైరెక్టరీలలోకి ‘సీపీ’ తానే దిగినది కనుక అక్కడ ఉన్న చుక్క పేర్లన్నీ నకలుకు వచ్చాయి. ‘.కాన్ఫిగ్’ మొదటి అంతస్తులో ఉన్నది కాబట్టి మిగిలిపోయింది.

దీనికి విరుగుడు కూడ ఒక చుక్కే కావడం విశేషం. నక్షత్రానికి బదులు ఒక చుక్కను ఇస్తే, అనగా ‘సీపీ -ఏ . /కొత్తచోటు’ అని వ్రాస్తే, పేర్ల జాబితా ప్రసక్తే ఉండదు. ‘ఈ డైరెక్టరీనే’ తీసుకొమ్మని చెప్పినట్లవుతుంది. అప్పుడు దాగినవి, దాగనివి అన్న భేదం లేకుండా అన్నీ వస్తాయి. ఫైళ్ళను మరుగు చేసిన చుక్కే వాటిని రక్షించే చుక్క కూడ.

దీనికి ఎదురు ప్రమాదం మరొకటి ఉన్నది. చుక్క పేర్లన్నిటినీ పట్టుకోవలెనని కొందరు చుక్క ప్రక్కన నక్షత్రం (.*) వ్రాస్తారు. ‘..’ అన్న పేరు కూడ చుక్కతోనే మొదలవుతుంది గదా! కనుక పాత షెల్లులలో ఆ జాబితాలోకి పై డైరెక్టరీ సైతం వచ్చి చేరుతుంది. తొలగించే ఆదేశమైన ‘ఆర్‌ఎమ్’ నేడు ‘.’, ‘..’ పేర్లను తొలగించడానికి నిరాకరిస్తుంది. కాని యజమానిని మార్చే ఆదేశం, అనుమతులను మార్చే ఆదేశం అట్లా నిరాకరించవు. అటువంటి ఆదేశాన్ని లోపలి అంతస్తులన్నిటికీ వర్తించేటట్లు సర్వాధికారి హోదాలో ఇచ్చిన వ్యక్తి, తన డైరెక్టరీని సరిచేయబోయి పైనున్న డైరెక్టరీలోని అందరి ఫైళ్ళనూ తారుమారు చేస్తాడు. 2022లో వెలువడిన బాష్ షెల్ 5.2 కూర్పు ఈ జాబితా నుండి ఆ రెండు పేర్లను తనంతట తానే తప్పిస్తున్నది. అంతకు ముందరి కూర్పులు ఉన్న యంత్రాలు ఇంకా పనిచేస్తూనే ఉన్నవి కనుక జాగ్రత్త అవసరమే.

మరుగు వేరు, రక్షణ వేరు

చుక్క పెట్టి దాచినాము కదా, ఇక ఎవరూ చూడరని నమ్మేవారు కొందరు ఉన్నారు. రహస్య సంకేతపదాలను ‘.రహస్యం’ అనే ఫైలులో వ్రాసి పెట్టుకుంటారు. ఇది తలుపుకు గొళ్ళెం వేయక తెర మాత్రం దించడం వంటిది. అనుమతి ఉన్న ఎవరైనా ఆ ఫైలును చదవగలరు. అడ్డగించగలిగినది ఐనోడ్‌లో నమోదైన అనుమతి మాత్రమే.

దూరపు కంప్యూటర్లతో సురక్షితంగా సంబంధం కల్పించే ఎస్‌ఎస్‌హెచ్ కార్యక్రమం ఈ విషయంలో మనకు మంచి పాఠం చెబుతున్నది. దాని రహస్య తాళం ‘.ఎస్‌ఎస్‌హెచ్’ అనే దాగిన డైరెక్టరీలోనే ఉంటుంది. కాని ఆ కార్యక్రమం చుక్కను నమ్మదు. తాళపు ఫైలును ఇతరులు చదవగలిగే అనుమతి ఉన్నట్లు కనిపెడితే ఆ తాళాన్ని వాడడానికే నిరాకరిస్తుంది. అందువల్ల డైరెక్టరీకి 700, తాళపు ఫైలుకు 600 అనుమతులు పెట్టుకోవడం పరిపాటి. మొదటి అంకె యజమానికి, తక్కిన రెండు సున్నాలు ఇతరులకు ఏ హక్కూ లేదని తెలుపుతాయి.

తెలుగు పేర్లకు సమాన స్థానం

ఫైలు పేరులో కెర్నెల్ నిషేధించేవి రెండే: ఏటవాలు గీత, సున్నా విలువగల బైటు. మిగిలిన ఏ బైటునైనా స్వీకరిస్తుంది. 1992లో థాంప్సన్, పైక్ కలిసి రూపొందించిన యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతి ఈ రెండింటినీ ఇతర భాషల అక్షరాలలో ఎక్కడా దొర్లనీయకుండా కూర్చబడినది. ఆ కారణంగా పాత యూనిక్స్ పద్ధతిని మార్చవలసిన పని లేకుండానే తెలుగు, దేవనాగరి, తమిళం, బెంగాలీ లిపులలోని పేర్లు డైరెక్టరీలలో చోటు చేసుకున్నవి. ‘.పదాలు’ అని పేరు పెడితే అది కూడ ఆంగ్లపు పేరు వలెనే మరుగవుతుంది.

అయితే కొలతలో ఒక భేదం ఉన్నది. తెలుగులోని ప్రతి సంకేతానికి 3 బైట్లు పడతాయి. కంటికి ఒకే అక్షరంగా కనబడే ‘స్త్రీ’ని స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అన్న ఆరు సంకేతాలుగా వ్రాస్తారు కనుక అది 18 బైట్లు తీసుకుంటుంది. 255 బైట్ల పరిమితిలో ఆంగ్లానికి 255 అక్షరాలు పట్టితే తెలుగుకు 85 సంకేతాలే పడతాయి. వ్యాసపు శీర్షిక మొత్తాన్ని ఫైలు పేరుగా పెట్టుకునే అలవాటున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆచరణలో

యంత్రాన్ని మార్చేవారు, అప్పగించేవారు మూడు పనులు తప్పక చేయవలెనని నా అనుభవం చెబుతున్నది. మొదటిది, అన్నిటినీ చూపే ‘ఏ’ జోడించి పట్టికను ఒకసారి నిదానంగా చదవాలి. రెండవది, నక్షత్రంతో కాక చుక్కతో నకలు తీయాలి. మూడవది, పాత డిస్కును తుడిచివేయడానికి ముందే కొత్త యంత్రంపై ఒక రోజు పని చేసి చూడాలి. నేను ఈ మూడవది చేసి ఉంటే ఎర్ర గీత ఒక రోజు ముందు కనబడేది, మాటలు దక్కేవి.

పోయిన మాటలలో కొన్నింటిని పాత వ్యాసాలు తిరగవేసి మరల సేకరించాను. కొన్ని పేర్లను తిరిగి మొదటి నుండి విచారించి నిర్ణయించుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఆ జాబితాకు ఒక నకలును నా డైరెక్టరీలో మొదటి అంతస్తులోనే ఉంచుతున్నాను. దాని పేరు ‘పదాలు’. ముందు చుక్క లేదు.